వేడి చోట రజాయి కొనడం దండగేనా?

అర్ధరాత్రి_మెలకువ:

అందరికీ నమస్కారం. సందేహం చిన్నదే గానీ ఇంట్లో దీని మీద పెద్ద వాదనే నడుస్తోంది, అందుకే అడుగుతున్నా. మేముండే చోట ఏడాదిలో ఏడెనిమిది నెలలు వేడే. చలికాలం పేరుకి ఉంటుంది. పడుకునేటప్పుడు ఫ్యాను లేకపోతే కుదరదు, తెల్లవారుజామున నాలుగింటికి మాత్రం మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, జారిపోయిన దుప్పటి కోసం చీకట్లో కాళ్లతో వెతుక్కోవాలి. వానలు మొదలైతే ఒకరోజు ఉక్క, ఒకరోజు వణుకు.

మా ఆవిడేమో మంచి రజాయి ఒకటి తీసుకుందాం, ఈ రెండు మూడు దుప్పట్ల గోల ఉండదు అంటుంది. నాకు రజాయి అంటేనే భయం. చాలా ఏళ్ల క్రితం ఎవరో మందపాటిది ఒకటి బహుమతిగా ఇచ్చారు. కప్పుకున్న రెండు రాత్రులూ ఒంటిగంటకల్లా బనియను ఒంటికి అంటుకుపోయి లేచి కూర్చున్నా. అప్పట్నుంచీ అది ప్లాస్టిక్ సంచీలో, బీరువా పైన ఉంది. మొన్న దించి చూస్తే ఏళ్ల తరబడి తెరవని ట్రంకుపెట్టె వాసన.

అసలు వేడి ప్రాంతాల్లో, లేదా ఇలా పూటకో రకంగా ఉండే చోట రజాయి వల్ల ఉపయోగం ఉందా, లేక మంచు కురిసే చోట వాడే వస్తువుని ఫొటోల్లో చూసి మనం ముచ్చటపడుతున్నామా? నిజంగా వాడుతున్నవాళ్లు చెప్పండి. "మీ ఇష్టం అండీ" అనే జవాబు మాత్రం వద్దు, అది ఇంట్లో రోజూ వింటున్నా.

ఫ్యానుగాలి:

దండగ. నూలు దుప్పటి ఒకటి, కాస్త చలేస్తే దాని మీద ఇంకొకటి. ఇరవై ఏళ్లుగా నాకు ఇదే. రజాయి కొంటే దాన్ని దాచడానికి ఇంకో బీరువా కొనాలి.

కుట్టుమిషన్:

నేను బొంతలు కుడతాను, కాబట్టి నా మాటలో కొంచెం పక్షపాతం ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా. కానీ ఫ్యానుగాలి గారు అన్నదాంట్లోనే జవాబు ఉంది చూడండి. దుప్పటి మీద దుప్పటి వేసుకుంటే ఎందుకు వెచ్చగా ఉంటుంది? రెండింటి మధ్య గాలి నిలబడుతుంది కాబట్టి. బొంతలోనూ రజాయిలోనూ జరిగేది అదే. పైన ఒక బట్ట, కింద అస్తరు, మధ్యలో గాలిని కదలనివ్వని పొర, మూడూ కలిపి కుట్టు. దూది తనంతట తాను వేడి పుట్టించదు, దాంట్లో చిక్కుకున్న గాలి మీ ఒంటి వేడిని బయటికి పోనివ్వదు, అంతే. కాబట్టి "రజాయి పనికొస్తుందా" అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. మధ్యలో ఏం వేశారు, ఎంత వేశారు, ఎంత దగ్గరగా కుట్టారు అని అడగండి.

రజాయి అనగానే అందరికీ ఉబ్బిన దిండులాంటిదే గుర్తొస్తుంది. లోపలి పొర చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో లేబుల్ మీద జీఎస్ఎం అని రాస్తారు. 300 అంటే గట్టి చలికి. మీరు చెప్పిన వాతావరణానికి 100 దరిదాపుల్లో ఉంటే చాలు. ఇంకా వేడిగా ఉండే చోటైతే దూదే అక్కర్లేదు, రెండు మూడు పొరల పాత నూలుబట్ట పేర్చి కుట్టినా సరిపోతుంది. నేను ఇంట్లో కప్పుకునేది అలాంటిదే. వందసార్లు ఉతికిన బట్టకి గంజి అంతా పోయి వచ్చే మెత్తదనం కొత్త బట్టలో ఎక్కడ దొరుకుతుంది!

ఇంక కుట్టు సంగతి, దీన్ని కొనేవాళ్లెవరూ పట్టించుకోరు. కుట్టు పడిన గీత వెంట పొర నలిగిపోతుంది, అక్కడ గాలి ఉండదు, వేడి అటునుంచి జారుకుంటుంది. గట్టి చలిలో ఉండేవాళ్లకి అది లోపం, వేడి చోట అదే మంచిది. జానెడు దూరానికో కుట్టు వేస్తే రజాయి బాగా ఉబ్బి చూడ్డానికి బాగుంటుంది, నాలుగు ఉతుకులకి దూది ఓ మూలకి జారి ఉండలు కడుతుంది. రెండు వేళ్ల వెడల్పుకో వరస చొప్పున కుడితే పలచగా ఉండి ఒంటి మీద ఒదిగి పడుతుంది, లోపలిది కదలదు. నాకైతే చేతులు పడిపోతాయి, అది వేరే విషయం.

మీ పాతదాని సంగతి తేల్చడానికి ఒక పని చేయండి. మూలలో కుట్టు కాస్త విప్పి లోపలి పీచు చిటికెడు లాగి, సింకులో నీళ్లు పక్కన పెట్టుకుని, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. కాగితం కాలిన వాసన వచ్చి, ముట్టుకుంటే పొడైపోయే బూడిద మిగిలితే పత్తి. ముడుచుకుపోయి, కరిగి, చల్లారాక గట్టి నల్లపూసలా మిగిలితే పాలిస్టర్. ఏది మిగులుతుందో నాకు తెలుసనుకుంటున్నా గానీ మీరే చూసి చెప్పండి.

సైన్స్‌పిచ్చోడు:

కుట్టుమిషన్ అక్క చెప్పినదానికి కొంచెం చేర్పు. కొంచెం అంటున్నా గానీ పెద్దదే అవుతుంది, ఓపిక లేనివాళ్లు దాటేయండి.

ఆ నాలుగింటి చలి మీ భ్రమ కాదు. నిద్రలోకి జారేటప్పటి నుంచి శరీరం లోపలి ఉష్ణోగ్రత తగ్గుతూ వస్తుంది, మొత్తం మీద ఒక డిగ్రీ సెల్సియస్ దాకా, బాగా కిందికి దిగేది మామూలుగా లేచే సమయానికి రెండు మూడు గంటల ముందు. బయట నేల కూడా రాత్రంతా వేడిని వదులుతూ వదులుతూ సూర్యోదయం దగ్గరికి వచ్చేసరికి బాగా చల్లబడుతుంది. అంటే ఒళ్లూ గదీ దాదాపు ఒకే వేళకి చల్లబడుతున్నాయి. మనం కప్పుకునేది మాత్రం పదింటికి ఉన్న వేడిని బట్టి నిర్ణయించుకుంటాం. పదింటికి సరిపోయేది నాలుగింటికి చాలదు, నాలుగింటికి సరిపోయేది పదింటికి కప్పుకుంటే ఉడికిపోతాం. మీ పాత రజాయితో జరిగింది ఈ రెండోది.

నిద్రలో ఉన్న మనిషి కూడా 70 వాట్ల దాకా వేడి వదులుతాడు, పాతకాలం 60 వాట్ల బల్బు కంటే కాస్త ఎక్కువే. అది ఎటో ఒకటు పోవాలి. రజాయిలోంచి ఒక కాలు బయట పెట్టుకుంటే హాయిగా ఉంటుంది చూశారా, అరికాళ్లలోనూ అరచేతుల్లోనూ వేడిని బయటికి పంపడానికి ప్రత్యేకమైన రక్తనాళాల అమరిక ఉంటుంది, అందుకు.

ఇంక చెమట. పీచు రకాన్ని బట్టి గాల్లోని తేమని పీల్చుకునే గుణం మారుతుంది. 20 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న గాలిలో ఉంచితే ఉన్ని తన బరువులో దాదాపు 16 శాతం తేమ పట్టి ఉంచుతుంది, పత్తి 7–8 శాతం, పాలిస్టర్ అర శాతం కూడా కాదు. ఒంట్లోంచి వచ్చే ఆవిరిని పొర పీల్చుకోకపోతే అది చర్మానికీ బట్టకీ మధ్యే తిరుగుతుంది. నిజంగా ఉన్న వేడికంటే మనకి ఎక్కువగా ఉక్కపోసేది దాంతోనే. వేడి ప్రాంతానికి ఉన్ని అంటే నవ్వుతారు గానీ, పలచటి ఉన్ని పొర పెట్టిన రజాయి పాలిస్టర్ దానికంటే నాకు నయం అనిపించింది. ఉతకడం మాత్రం నరకం.

ఒకటి మాత్రం గమనించాలి, వేడి ప్రాంతాలన్నీ ఒకటి కాదు. ఎడారిలాంటి పొడి చోట ఆకాశం తేటగా ఉంటుంది, గాల్లో ఆవిరి తక్కువ, కాబట్టి పగటి వేడి రాత్రికి నిలవదు, పగటికీ రాత్రికీ 15 నుంచి 20 డిగ్రీల తేడా మామూలే. అక్కడ రజాయి లేకుండా నడవదు. సముద్రం పక్కన తేమా మబ్బులూ వేడిని పట్టి ఉంచుతాయి, రాత్రికీ పెద్దగా తగ్గదు, అక్కడ ఫ్యానుగాలి గారి మాటే కరెక్టు. ఎత్తు ప్రదేశాలైతే పైకి పోయేకొద్దీ వెయ్యి మీటర్లకి సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. పేరుకి అంతా "వేడి దేశమే".

కొన్ని రజాయిల మీద టాగ్ అని ఒక అంకె ఉంటుంది, వేడిని ఎంత ఆపుతుందో చెప్పే కొలత. 13.5 అంటే గట్టి చలికాలానిది. 4.5ని వేసవిది అని అమ్ముతారు, కానీ అది చల్లటి దేశాల వేసవి, మీ వేసవి కాదు. మీరు అంతకంటే తక్కువే చూడండి.

అర్ధరాత్రి_మెలకువ:

కాల్చా. నల్లపూస. వాసనకి మా ఆవిడ పరిగెత్తుకొచ్చి ఇల్లు తగలబెడుతున్నావా అంది. పైబట్ట నూలేమో అనుకున్నా, అంచు నుంచి ఒక దారం లాగి అది కూడా కాల్చా, అదీ పూసే. పైనా కిందా మధ్యలో మొత్తం పాలిస్టర్. ఇన్నేళ్లూ నాది వేడి శరీరం అనుకుంటూ బతికేశాను.

ఇంకో మాట. ఇది చెప్పాలా వద్దా అనుకున్నా గానీ చెబుతున్నా, చెమట ఎక్కువగా పట్టేది వీపుకి. దుప్పటి కప్పుకున్న రోజుల్లోనూ కొంచెం ఉంటుంది.

పక్కదులిపేవాణ్ణి:

వీపుకి పడితే రజాయిని ఎందుకండీ తిడతారు, అది మీ పైన ఉంది. కింద ఏముందో చూడండి. ఫోమ్ పరుపేనా? ముఖ్యంగా మెమొరీ ఫోమ్ అయితే ఒంటి ఆకారానికి కుంగి చుట్టూ మూసేస్తుంది, గాలి ఆడదు. నాకూ సరిగ్గా ఇదే జరిగింది, ఏడాది పాటు దుప్పట్లు మార్చుకుంటూ కూర్చున్నా. తర్వాత ఒక పాత నూలు బొంతని కప్పుకోవడం మానేసి పరుపు మీద పరిచి, దాని మీద దుప్పటి వేసి పడుకున్నా. తేడా ఆ రాత్రే తెలిసింది. దూది చెమటని పీలుస్తుంది, పైగా ఫోమ్‌కీ వీపుకీ మధ్య కాస్త సందు దొరుకుతుంది.

నన్నడిగితే వేడి చోట బొంతకి సగం ఉద్యోగం మనిషి కిందే. నేల మీద పరుచుకోవచ్చు, మడిచి వీపు వెనక పెట్టుకోవచ్చు, ప్రయాణంలో బల్ల మీద వేసుకోవచ్చు. కప్పుకోవడం ఒక్కటే లెక్కేసుకుంటే దండగలాగే కనిపిస్తుంది.

ఫ్యానుగాలి:

కింద పరుచుకునేదైతే ఒప్పుకుంటా. కప్పుకోవడం సంగతే నా బాధ. ఫ్యాను గదిని చల్లబరచదు, ఒంటి మీది చెమటని ఆరబెట్టి మనల్ని చల్లబరుస్తుంది. రజాయి కప్పుకుంటే ఆ గాలి ఒంటికి తగలదు, అప్పుడు ఫ్యాను తిరుగుతున్నది గోడలకి. పలచటి దుప్పటైతే గాలి లోపలికి దూరుతుంది. ఇంకొందరుంటారు, ఏసీ 18లో పెట్టి మందపాటి రజాయిలో దూరతారు. చలి కొనుక్కుని దాన్ని ఆపడానికి ఇంకోటి కొనుక్కోవడం!

సైన్స్‌పిచ్చోడు:

ఫ్యాను విషయంలో మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం, నేను రాయాల్సింది మర్చిపోయా. ఏసీ గురించి మాత్రం ఒక్క మాట. ఏసీ గాలిలోంచి నీరు కూడా లాగేస్తుంది కాబట్టి ఆ గదిలో పలచటి రజాయి కింద ఉక్కపోయదు. 25–26లో పెట్టుకుని పలచటిది కప్పుకునేవాళ్లని తిట్టకండి. 18 వాళ్లని తిట్టండి, నేనూ వస్తా.

తడిబట్ట:

అందరూ పత్తి పత్తి అంటున్నారు, దాన్ని ఉతికేది ఎవరో ఒక్కరూ చెప్పరే? మాకు వానలెక్కువ. పోయినేడు దూది రజాయి ఒకటి ఉతికా. తడిశాక ఇద్దరం చెరో కొసా పట్టుకున్నా లేవలేదు. తీగ మీద వేస్తే తీగ మధ్యలో సాగిపోయి రజాయి అంచు నేలకి తగిలింది. మూడు రోజులు మబ్బు. పైన ఆరినట్టే ఉంది, కుట్ల మధ్య వేలితో నొక్కితే లోపల చల్లగా తగులుతోంది. ఆరిందనుకుని మడిచి పెట్టేశాం, వారానికి బూజు, నల్లటి చుక్కలు, పారేయాల్సొచ్చింది. పాలిస్టర్‌ది సాయంత్రానికి ఆరిపోతుంది. కాబట్టి ఎండ గ్యారంటీ లేని చోట, ఏసీ గదిలో వాడేవాళ్లకి, పలచటి పాలిస్టర్ అంత పాపమేం కాదని నా అభిప్రాయం. తిట్టేవాళ్లు తిట్టుకోండి.

కుట్టుమిషన్:

తిట్టను, నిజమే చెప్పారు. వానల్లో దూది రజాయి నేనూ ఉతకను. దానికే ఒక ఉపాయం ఉంది, రజాయికి దిండు గలీబులాంటి నూలు తొడుగు కుట్టించుకుని ఆ తొడుగునే ఉతుక్కోవాలి. లోపలిదాన్ని మంచి ఎండలున్నప్పుడు ఏడాదికి ఒకటి రెండుసార్లు ఉతికితే చాలు, మధ్యమధ్యలో ఎండకి వేసి రెండు వైపులా తిప్పాలి. పొరలుగా పేర్చి కుట్టిన బట్ట బొంతలైతే ఇంత ఇబ్బంది ఉండదు, దూది లేదు కాబట్టి తొందరగా ఆరతాయి. ఇంకోటి, దూది పెట్టింది మొదటి ఉతుక్కి వందకి మూడు నాలుగు పాళ్లు కుంచించుకుపోతుంది, కొలత కాస్త పెద్దదే తీసుకోండి.

దుమ్ము పడనివాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం తొడుగుని 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి. పరుపుల్లో ఉండే కంటికి కనపడని దుమ్ముపురుగులు ఆ వేడికి చస్తాయి, మామూలు చన్నీళ్లకి చావవు. తేమ ఎక్కువ ఉండే చోట్ల అవి బాగా పెరుగుతాయి. ప్లాస్టిక్ సంచీలో దాచడం ఆపేయండి దయచేసి, లోపల మిగిలిన తడి బయటికి పోయే దారి ఉండదు, మీకొచ్చిన వాసన అదే. నూలు సంచీ, లేదా పాత దుప్పట్లో మూట కట్టండి.

ఇద్దరికీఒకటే:

భార్యాభర్తల గొడవ కాబట్టి అనుభవం మీద చెబుతున్నా. డబుల్ సైజు ఒకటి కొనకండి. ఒకళ్లకి ఉక్క, ఇంకొకళ్లకి చలి, రాత్రంతా లాక్కోవడమే. సింగిల్‌వి రెండు తీసుకోండి, ఒకటి పలచగా, ఒకటి ఇంకా పలచగా. బాగా చలేసిన రోజు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే మందపాటి రజాయి అయిపోతుంది. మా ఇంట్లో దీంతో తగాదాల్లో ఒకటి తగ్గింది. మిగతావి ఉన్నాయి.

ఇంట్లో పసిపిల్లలుంటే ఒక జాగ్రత్త. ఏడాదిలోపు పిల్లలు పడుకునే చోట రజాయి, దిండు, వదులుగా ఉండే దుప్పటి ఏవీ పెట్టొద్దంటారు పిల్లల డాక్టర్లు. ముఖం మీదికి వస్తే తీసేసుకోలేరు, ఒళ్లు వేడెక్కినా చెప్పలేరు. చలేస్తుందనుకుంటే ఒంటికి సరిపడే బట్టలు ఇంకో పొర వేయండి.

అర్ధరాత్రి_మెలకువ:

అందరికీ థాంక్స్. పన్నెండు రోజులు ఆగి రాస్తున్నా, ఎందుకంటే ఊరికే ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు. తెలిసినవాళ్ల దగ్గర ఒక బట్ట బొంత అడిగి తెచ్చా, మూడు పొరలు, దగ్గర కుట్టు. మొదటి నాలుగు రోజులు పరుపు మీద పరిచా. (ఫోమే, కరెక్టుగా చెప్పారు.) వీపు చెమట పూర్తిగా పోలేదు గానీ బనియను మార్చుకోవడానికి లేవలేదు. తర్వాత కప్పుకోవడానికి తీసుకున్నా. పదింటికి దుప్పటి ఒక్కటే, బొంత కాళ్ల దగ్గర మడత. నాలుగింటికి చలేస్తే కాలితోనే పైకి లాక్కుంటున్నా, మెలకువ పూర్తిగా రాకముందే పని అయిపోతోంది. రెండు రాత్రులు బాగా ఉక్కపోసింది, ఆ రెండు రాత్రులూ అది కాళ్ల దగ్గరే ఉండిపోయింది. ఫ్యానుగాలి గారూ, ఆ రెండు రోజులూ మీరే గుర్తొచ్చారు.

ఆవిడ కోసం 100 జీఎస్ఎం పత్తిది, తొడుగుతో, సింగిల్. నాకు బట్ట బొంత. అక్కడిదాకా ఇద్దరం ఒప్పుకున్నాం. ఇప్పుడు తొడుగు రంగు దగ్గర ఆగింది. ఆవిడ తెల్లదే కావాలంటుంది.

తడిబట్ట:

ఉతికేది ఎవరు?

అర్ధరాత్రి_మెలకువ:

నేనే.

తడిబట్ట:

అయితే ముదురు రంగు తీసుకోండి, నేను చెప్పానని చెప్పండి.